ఫోటోలో తుపాకీ లేనివాళ్ళు



పోయిన నెల మన సంఘం గుంపులో ఒక ఫోటో వచ్చింది. అందరూ చూసి ఉంటారు. ఒక దొర, తల మీద టోపీ, చేతిలో రెండు గొట్టాల తుపాకీ, కాళ్ళ ముందర పెద్దపులి. వెనకాల తలపాగాలు చుట్టుకున్న ఎనిమిది మంది. అట్ట వెనక ఇంగ్లీషులో దొర పేరు, జవళగిరి అడవి పేరు, పులి పొడుగు 9 అడుగుల 2 అంగుళాలు అని రాసి ఉంది. ఆ ఎనిమిది మంది పేర్లు లేవు. దాన్ని పెద్దది చేయించి కొత్త హాలు గోడకు తగిలిద్దాం అని కమిటీవాళ్ళు అన్నారు. కింద పెట్టేదానికి నాలుగు మాటలు రాయండి, ఆ కాలంలో పెద్ద మృగాల వేటకు ఏమేమి సామాను ఎత్తుకొని పోయేవాళ్ళు, ప్రాణం పోకుండా ఎట్ల జాగ్రత్త పడేవాళ్ళు, పిల్లలు అడుగుతా ఉన్నారు అని మాకు చెప్పారు. నాలుగు మాటలతో పోలేదు. నిదానంగా చదవండి.

మేము చదివింది తమిళ బడిలో. తెలుగు అక్షరాలు మా అవ్వ ఇంట్లో నేర్పింది. రైల్వే పార్సిల్ ఆఫీసులో తూకం రాసి, రసీదు రాసి రిటైరైనవాళ్ళం. మా రాతలో తమిళం వాసన, రసీదు వాసన రెండూ వస్తాయి, ఓర్చుకోండి. తుపాకీ మేము చేత పట్టింది లేదు. కానీ నైట్ డ్యూటీలో డిక్షనరీ పక్కన పెట్టుకొని వేట పుస్తకాలు చాలా చదివాం. చిన్నప్పుడు మా తాత నోట అడవి మాటలు విన్నాం. పుస్తకాల్లోని మాటలనూ తాత మాటలనూ పక్కపక్కన పెట్టుకొని ఇది రాస్తా ఉన్నాం.

తుపాకీ రాకముందు సంగతి ముందు చెప్పాలి. మన కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల్లో ఊరి బయట, చెరువు గట్టున, చింతచెట్టు కింద నడుకల్లు కనబడతాయి. తెలుగులో వీరగల్లు అంటాం. వాటిలో కొన్నిటికి తమిళంలో పులికుత్తి కల్ అని పేరు. పులి మనిషి మీదికి లేచి ఉంటుంది. మనిషి చేతి కత్తి దాని కడుపులో దిగి ఉంటుంది. ఊరి ఆవులను కాపాడబోయి పులితో పెనుగులాడి చచ్చినవాడికి ఊరు నిలిపిన రాయి అది. వాడి దగ్గరున్న సామాను ఆ పొట్టి కత్తే.

బడిలో తమిళ వాచకంలో పెరియపురాణం కన్నప్ప నాయనారు కథ చదివాం. అదే తిన్నడి కథను ధూర్జటి తెలుగులో శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో చెప్పాడని పెద్దయ్యాక తెలిసింది. తిన్నడిది పొత్తపి నాడు, ఇప్పటి కడప పక్క. సేక్కిళారు చెప్పిన వేటలో ఒక పద్ధతి ఉంది. ముందు అడవి చుట్టూ వలలు కట్టారు, కుక్కలను వదిలారు, తర్వాత జంతువులను తోలారు. పిల్ల ఏనుగుల జోలికీ, చూలు మోసే లేళ్ళ జోలికీ పోలేదు. పంది తప్పించుకొని పరుగు తీస్తే తిన్నడు తరిమాడు, వెంట నాణుడు, కాడుడు అని ఇద్దరు పోయారు. ఆ ఇద్దరికీ పేర్లు ఉన్నాయి, చూడండి. 12వ శతాబ్దం పుస్తకంలో ఉన్న మర్యాద మన ఫోటో అట్ట మీద లేదు.

ఇంక తుపాకీ. బోరు అనే మాట అందరూ వాడతారు, అర్థం తెలిసినవాళ్ళు తక్కువ. ఒక పౌండు సీసంతో, ఆ గొట్టంలో సరిగ్గా పట్టే గుండ్లు ఎన్ని పోయవచ్చో అది బోరు. 12 బోరు అంటే పౌండుకు 12 గుండ్లు, ఒక్కోటి 38 గ్రాములు. 8 బోరు అంటే 57 గ్రాములు. 4 బోరు అంటే ఒక్క గుండు 113 గ్రాములు, మన తూకంలో అర్ధపావు దగ్గర. మైసూరు సర్కారులో ఏనుగులు పట్టే శాఖ చూసుకున్న శాండర్సన్ 1878లో వేసిన పుస్తకంలో ఇట్లాంటి తుపాకుల మాట వస్తుంది. ఆ కాలం నల్లమందుకు బలం తక్కువ, అందుకే గుండు పెద్దది కావాల్సి వచ్చింది. 4 బోరు తుపాకీ తొమ్మిది పది కిలోల దాకా తూగేది. పేలిస్తే భుజం వెనక్కి తన్నేది. పేల్చినాక తెల్లటి పొగ కమ్ముకునేది. ఆ పొగ అవతల ఏనుగు పడిందా, మన మీదికి వస్తా ఉందా అనేది కనబడదు. పొగ పక్కకు వంగి చూడు, ఉన్న చోటనే నిలబడవద్దు అనేది ఆ కాలం వేటగాళ్ళ మొదటి పాఠం.

19వ శతాబ్దం చివర్లో పొగ రాని కార్డైట్ మందు వచ్చింది. 1898లో రిగ్బీ కంపెనీ .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ అనే తూటా తెచ్చింది. గుండు చిన్నదైంది, వేగం పెరిగింది, తుపాకీ బరువు సగానికి దిగింది. ఇక్కడ ఒక తమాషా ఉంది. 1907 ప్రాంతంలో ఇంగ్లీషు సర్కారు .450 సైజు తూటాలను ఇండియాలోకి తేవడం నిషేధించింది. ఎందుకంటే సిపాయిల పాత మార్టినీ-హెన్రీ తుపాకులది అదే సైజు, తూటాలు తిరుగుబాటు చేసేవాళ్ళ చేతిలో పడతాయని భయం. దాంతో లండన్ కంపెనీలు .465, .470, .475 అని పక్క సైజులు చేసి అమ్ముకున్నాయి. వేట పుస్తకాల్లో ఇన్ని అంకెలు ఎందుకున్నాయో మాకు ఇది తెలిసేదాకా అర్థం కాలేదు. ఆ అంకెల వెనకాల ఉన్నది మృగాల భయం కాదు, మన భయం.

తుపాకీ ఎవరి దగ్గర ఉండాలి అనేది కూడా అట్లే. 1878 ఆయుధాల చట్టం ప్రకారం మనవాడికి లైసెన్సు కావాలి, తెల్లవాడికి మినహాయింపు. 1882 మద్రాసు అటవీ చట్టంతో మన అడవులు రిజర్వు అయినాయి. అంతకు ముందు చేను కాచుకునేదానికి పందిని కొట్టినవాడు ఇప్పుడు దొంగవేటగాడు. చాటుగా నాటు తుపాకీ దాచుకొని, దొరికిన మేకులు, సైకిల్ గుండ్లు కూరి పేల్చేవాళ్ళు. అట్లాంటి దెబ్బ పులిని చంపదు, కుంటిదాన్ని చేస్తుంది. జింకను పట్టలేని పులి మనిషిని పడుతుంది. కార్బెట్ 1907లో చంపిన చంపావత్ ఆడపులి 436 మందిని పొట్టన పెట్టుకుంది అంటారు. పాత తుపాకీ దెబ్బకు దాని కుడి పక్క కోరలు విరిగిపోయి ఉన్నాయి. ముక్తేసర్ పులికి ముళ్ళపందితో పోట్లాటలో ఒక కన్ను పోయి, యాభై దాకా ముళ్ళు దిగి ఉన్నాయి. తూటా సరిగ్గా తగలకపోతే దాని లెక్క ఎవరో ఒక గడ్డికోసే ఆడమనిషి కట్టింది.

కార్బెట్ మన రైల్వేవాడే అని మేము గొప్పగా చెప్పుకుంటాం. మోకామా ఘాట్‌లో ఇరవై ఏళ్ళకు పైన బండ్ల సరుకు దింపి ఎక్కించే కాంట్రాక్టు చేశాడు. పార్సిల్ గుమాస్తాకు ఆయన దగ్గరి చుట్టం లెక్క. ఆయన చెప్పిన ఒక మాట మాకు బాగా గుర్తుంది. మనిషికి వాసన పట్టే శక్తి లేదని పులికి తెలియదు, జింక దగ్గరికి పోయినట్టే మన దగ్గరికి కూడా ఎదురుగాలిలో వస్తుంది అని. అంటే గాలి ఎటు నుంచి ఎటు పోతా ఉందో చూసుకుంటే, పులి ఏ పక్క నుంచి వస్తుందో సగం తెలిసినట్టే. గుప్పెడు బూడిద గుడ్డలో కట్టుకొని, కొంచెం కొంచెం రాల్చి గాలి చూసేవాళ్ళు. మా తాత మొలలో ఎప్పుడూ బూడిద మూట ఉండేదని అవ్వ చెప్పేది. కాసు ఖర్చు లేని సామాను.

మన పక్కవాడు కెన్నెత్ ఆండర్సన్. ఆయన పుట్టింది 1910లో హైదరాబాదు పక్క బొల్లారంలో, బతికింది బెంగుళూరులో. ఆయన మొదటి పుస్తకం 1954లో వచ్చింది. అందులో మొదటి కథే జవళగిరి పులి. దాని తర్వాతది గుమ్మళాపురం చిరుత. తిరుపతి పక్క చామల లోయ పులి కథ కూడా అందులోదే. రేణిగుంట నుంచి కడప పోయే లైనులో మామండూరు స్టేషను వస్తుంది కదా, ఆ మామండూరు పులి కథ 1957 పుస్తకంలో ఉంది. ఆ లైనులో పోయేటప్పుడు మామండూరులో బండి ఆగితే మేము కిటికీలోంచి అడవి వైపు చూసేవాళ్ళం. ఏమీ కనబడదు, అయినా చూసేవాళ్ళం.

ఆండర్సన్ చేతిలోది .405 విన్‌చెస్టర్. కింద మీట లాగితే తూటా మారుతుంది. పెద్ద దొరలు రెండు గొట్టాల తుపాకీనే నమ్మేవాళ్ళు. ఒక తూటా పేలకపోయినా రెండోది చేతిలో ఉంటుంది, తూటా మార్చే చప్పుడు లేదు, ఇరుక్కునే భయం లేదు. కానీ దాని ధర రాజుల ధర. పులికైతే ముక్కు మెత్తగా ఉండే గుండు, లోపల విచ్చుకుంటుంది. ఏనుగుకు, అడవిదున్నకు గట్టి గుండు. ఏనుగు తల ఎముక లోపల తేనెతుట్టె మాదిరి అరలు అరలుగా ఉంటుంది. మెదడు ఎంతో లోపల చిన్న చోటులో ఉంటుంది. మెత్తటి గుండు అక్కడిదాకా పోదు. తప్పుడు గుండు వేసుకొని ఏనుగు ముందర నిలబడినవాడికి రెండో పాఠం చెప్పే అవసరం రాదు.

దొర వెనకాల రెండో తుపాకీ మోసేవాడు ఒకడు ఉంటాడు. వాడికి పుస్తకాల్లో చాలా నియమాలు ఉన్నాయి. చెయ్యి చాస్తే తుపాకీ చేతికి అందేంత దగ్గర నిలబడాలి, మృగం మీదికి వచ్చినా కదలకూడదు, తాను పేల్చకూడదు, గొట్టం ఎవరి వైపూ తిప్పకూడదు. అన్నీ మంచి నియమాలే. చేతిలో తూటా వేసిన తుపాకీ ఉండీ పేల్చకుండా, పులి దూకుతా ఉంటే ఇంకొకడి చేతికి అందించాలి అనే ధైర్యాన్ని ఏమని చెప్పాలి? ఆ ధైర్యానికి కూలి అణాల్లో ఇచ్చేవాళ్ళు.

మంచె సంగతి మన పిల్లలకు బాగా అర్థమవుతుంది. రాగి చేనులో, జొన్న చేనులో మనం కట్టుకునే మంచెనే వాళ్ళు మచాన్ అన్నారు. తమిళంలో పరణ్. పులి చంపిన పశువు దగ్గర చెట్టు మీద 12, 15 అడుగుల ఎత్తున నులక మంచం తలకిందులుగా కట్టి, చుట్టూ కొమ్మలు అల్లేవాళ్ళు. కొమ్మలు అదే చెట్టువి కావాలి, వేరే ఆకు అయితే చిరుతకు వెంటనే తేడా తెలుస్తుంది. చిరుత చెట్టు ఎక్కుతుంది కాబట్టి వీపు వెనకాల ముళ్ళ కంప కట్టాలి. తూటా వేసిన తుపాకీతో చెట్టు ఎక్కకూడదు. ఎక్కి కూర్చొని, ఖాళీ తుపాకీని తాడుతో పైకి లాక్కొని, అప్పుడు తూటా వేయాలి. చుట్ట తాగకూడదు, దగ్గకూడదు. అన్నిటికంటే పెద్ద నియమం, పులి పడినట్టు కనబడినా రాత్రి కిందికి దిగకూడదు. తెల్లారి ఊరివాళ్ళు వచ్చేటప్పుడు ముందు ఈల వేసి, అది కదలడం లేదని రాళ్ళు వేసి చూసి, అప్పుడు దిగాలి.

ఆ మంచె కట్టేది ఎవరు? పులి పొదలో పొంచి ఉన్నప్పుడే, సద్దు చేయకుండా, మధ్యాహ్నం ఎండలో మన తాతలు కట్టేవాళ్ళు. కట్టినాక దొరను ఎక్కించి, పులికి అందరూ వెళ్ళిపోయారు అనిపించేలాగ గట్టిగా మాట్లాడుకుంటా ఊరికి నడిచి పోవాలి. ఇది పుస్తకాల్లో ఉన్న ఉపాయమే. పులి ఆ మాటల చప్పుడు వింటుంది, మనుషులు పోయారు అనుకుంటుంది. నడిచిపోయేవాళ్ళ చేతిలో కొడవళ్ళు తప్ప ఏమీ లేవు, కాళ్ళకు చెప్పులు లేవు. దొరకైతే చప్పుడు కాకుండా రబ్బరు అడుగు బూట్లు వేసుకో అని సలహా రాసి ఉంది.

దీపం సంగతి తొందరగా చెప్పి ముందుకు పోతాం. బ్యాటరీ లైటు రాకముందు వెన్నెల రాత్రులే వేట. తుపాకీ ముక్కుకు తెల్ల గుడ్డ పేలిక కట్టి గురి చూసేవాళ్ళు. తర్వాత తుపాకీ గొట్టానికే టార్చి బిగించారు. కొత్త బ్యాటరీ వేసుకో, ఇంకొక టార్చి దగ్గర పెట్టుకో అనేది ప్రతి పుస్తకంలోనూ ఉంది, ప్రతి పుస్తకంలోనూ ఎవరిదో ఒకరి టార్చి సమయానికి వెలగదు.

మందుల పెట్టె గురించి మాత్రం నిదానంగా చెప్పాలి. మలేరియాకు క్వినైన్, కాచిన నీళ్ళు, దోమతెర, ఇవి అందరికీ తెలిసినవే. పులి గోరు దెబ్బ వేరే. పులి, చిరుత కుళ్ళిన మాంసం కూడా తింటాయి. ఆ మాంసం గోళ్ళ సందుల్లో ఉంటుంది. గోరు గీసింది చిన్న గాయమే అయినా నాలుగు రోజుల్లో చీము పట్టి, విషం ఒళ్ళంతా ఎక్కి మనిషి పోతాడు. పెన్సిలిన్ రాకముందు పులి నోట్లో పోయినవాళ్ళ మాట అట్లా ఉంచి, గాయంతో బయటపడి తర్వాత ఆసుపత్రిలో పోయినవాళ్ళు ఎందరో. అందుకని పొటాషియం పర్మాంగనేట్ గింజలు, కార్బాలిక్ ఆసిడ్ పెట్టెలో ఉండాలి, గాయం లోతు దాకా కడగాలి, ఎంత మంటైనా ఆపకూడదు అని రాశారు. బావుల్లో వేసే ఊదారంగు మందే అది. మన పెద్దవాళ్ళకు తెలుసు.

ఇంక గాయపడిన మృగం. వేట పుస్తకాలన్నీ ఈ ఒక్క చోట ఒకే మాట చెబుతాయి. దెబ్బ తగిలి పొదలోకి పోయిన పులి వెంట వెంటనే పోవద్దు. కొంత సేపు ఆగు, అది రక్తం కారి బిగుసుకోనీ. నురుగు రక్తం అయితే ఊపిరితిత్తులకు తగిలింది, ఎక్కువ దూరం పోదు. నల్ల రక్తం, మేత కలిసిన రక్తం అయితే పొట్ట దెబ్బ, గంటలకొద్దీ బతికి ఉంటుంది, అదే అన్నిటికంటే చెడ్డది. వెలుతురు పోతే తెల్లారేదాకా వదిలేయి. జాడ చూసేవాడు కిందికి చూడాలి, తుపాకీవాడు ముందుకు చూడాలి, ఒకరి పని ఇంకొకరు చేయకూడదు. తుపాకీ లేనివాళ్ళను పొదలోకి పంపకూడదు. గాయపరిచినవాడే దాన్ని ముగించాలి, అది వాడి బాధ్యత.

ఈ చివరి రెండు నియమాల దగ్గర మా ఇంటి కథ ఉంది.

మా తాత జాడ చూసేవాడు. అంచెట్టి పక్క అడవిలో, రెండో ప్రపంచ యుద్ధానికి ముందు. ఒక దొర, ఆయన పేరు మా ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు, పొద్దు గుంకే వేళకు ఒక చిరుతను కొట్టాడు. అది ఉణ్ణికంప పొదలోకి పోయింది. రక్తం నల్లగా ఉందని తాత చెప్పాడు. దొర పొద్దున్నే బెంగుళూరుకు పోవాలంట. పొదలో చూసి రమ్మన్నాడు. తాత, "పొద్దు పుట్టనీ దొరా, ఇప్పుడు అడుగు వేయను" అన్నాడు. దొరకు కోపం వచ్చింది, కూలి లేదు పో అన్నాడు. తాత ఒక రాయి మీద కూర్చున్నాడు. పక్కనున్న ఆయన బావ, అవ్వకు సొంత అన్న, ఇంట్లో నలుగురు పిల్లలు, "నేను చూస్తాను దొరా" అని కర్ర పట్టుకొని పోయాడు. చిరుత లేచింది. భుజం నుంచి మోచేయి దాకా గీసింది. దొర పేల్చి దాన్ని చంపాడు. ఆ మాట కూడా నిజమే, వదిలిపెట్టి పోలేదు. పెట్టె తెరిచి ఊదా మందు పోశాడు, తన సొంత చొక్కా చించి కట్టాడు. 50 రూపాయలు చేతిలో పెట్టాడు. తొమ్మిదో రోజు ఆ బావ పోయాడు.

అవ్వ తాతతో రెండేళ్ళు మాట్లాడలేదంట. నువ్వు పోయి ఉంటే మా అన్న పోయేవాడు కాదు అని. తాత, నేను పోయి ఉంటే నేను పోయి ఉంటాను అని. ఇద్దరి మాటా న్యాయమే. ఒకటే ఇంట్లో, ఒకటే పొయ్యి దగ్గర, పిల్లల చేత మాట చెప్పించుకుంటా రెండేళ్ళు. చిన్నప్పుడు మాకు ఇది నవ్వులాటగా చెప్పేవాళ్ళు. రిటైరైనాక పుస్తకాలు మళ్ళీ చదువుతా, చీకట్లో గాయపడిన మృగం వెంట పోవద్దు అనే వాక్యం దగ్గరికి వచ్చేసరికి పుస్తకం మూసి పెట్టాం. ఆ నియమం దొరకు తెలుసు. తాతకూ తెలుసు. తెలిసీ కాదు అనే హక్కు ఒకరికి కూలి పోగొట్టింది, ఇంకొకరికి ఆ హక్కు కూడా లేకుండా పోయింది.

అడవిని తోలి వేటాడే పద్ధతిలో కూడా ఇంతే. తప్పెట్లు, డబ్బాలు కొట్టుకుంటా వంద మంది వరసగా నడిచి వస్తారు, తుపాకులు ఎదురుగా కాచుకొని ఉంటాయి. వరస వైపు పేల్చకూడదు, మృగం దాటిపోయినాక వెనక్కి తిరిగి పేల్చాలి, ఈల వినబడితే తోలేవాళ్ళందరూ చెట్లెక్కాలి అని నియమం. తుపాకీవాళ్ళలో ఒక కొత్తవాడు ఉంటే చాలు, నియమం గాలికి పోతుంది. చిరుత కంటే కలెక్టరుగారి చుట్టానికి ఎక్కువ భయపడేవాళ్ళం అని తాత చెప్పేవాడు.

ఇట్లా రాసి దొరలందరూ చెడ్డవాళ్ళు అని మేము అనడం లేదు. నీలగిరిలో 1877లో వేటగాళ్ళే సంఘం పెట్టుకొని, 1879లో వేట కాలానికి హద్దులు పెట్టే చట్టం తెప్పించుకున్నారు. మనవాళ్ళ వేటను ఆపేదానికి కూడా అదే చట్టం పనికొచ్చింది అనేది వేరే మాట. కార్బెట్, ఆండర్సన్ ఇద్దరూ పోనుపోను తుపాకీ దించి కెమెరా పట్టారు. ఆండర్సన్ పుస్తకాల్లో బైరా అనే పూజారి వేటగాడికి పేరు ఉంది, ఇల్లు ఉంది, కష్టం ఉంది. అట్ల పేరు రాసినవాళ్ళు తక్కువ.

1970లో పులివేట ఆగింది. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది, 1973 ఏప్రిల్ 1న ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది. ఇప్పుడు మనుషులను తినే పులిని కూడా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాసి ఇచ్చిన ఉత్తర్వు లేకుండా ముట్టకూడదు. సంక్రాంతికి పందివేట పోదామా అని గుంపులో ఒక తమ్ముడు సరదాకు రాశాడు. సరదాకు కూడా రాయవద్దు నాయనా, అది జైలు మాట. 2023 మార్చిలో ధర్మపురి జిల్లా మారండహళ్ళి దగ్గర చేనుకు దొంగగా పెట్టిన కరెంటు కంచె తగిలి 3 ఆడ ఏనుగులు చచ్చిపోయాయి. పిల్లలు రెండు తల్లుల చుట్టూ తిరుగుతా నిలబడ్డాయి. ఆ కంచెకు మనిషి కూడా తగలవచ్చు, అర్ధరాత్రి నీళ్ళు కట్టేదానికి పోయేది మనమే కదా.

ఏటా రాగులు కోతకు వచ్చేసరికి ఏనుగులు మన హోసూరు, డెంకణికోట, తళి పక్కకు దిగుతాయి. పాత వేటగాళ్ళు ఏనుగు గురించి చెప్పిన వాటిలో మనకు ఇప్పుడు పనికొచ్చేది తుపాకీ మాట కాదు. ఏనుగుకు చూపు తక్కువ, వాసన ఎక్కువ. గాలి మన నుంచి దాని వైపు పోతా ఉంటే వెంటనే పక్కకు తొలగాలి. గుంపులో పిల్ల ఉంటే ఇంకా దూరం. ఒంటరి మగ ఏనుగును చూసి సెల్‌ఫోన్ తీయవద్దు. తాగి చేను కాపలాకు పోవద్దు. ఒక్కడే పోవద్దు. ఇవన్నీ మా తాతకు బూడిద మూటతో తెలిసిన మాటలే.

మళ్ళీ ఫోటో దగ్గరికి వస్తాం. పులి పొడుగు కొలిచేదానికి రెండు పద్ధతులు ఉండేవి. ముక్కు దగ్గర ఒక గూటం, తోక చివర ఒక గూటం కొట్టి మధ్యలో నేరుగా కొలవడం ఒకటి. వీపు వంపుల మీద టేపు పరిచి కొలవడం ఇంకొకటి. వంపుల మీద కొలిస్తే నాలుగైదు అంగుళాలు ఎక్కువ వస్తుంది. దీని మీద క్లబ్బుల్లో గంటలకొద్దీ వాదాలు. మన ఫోటోలో 9 అడుగుల 2 అంగుళాలు ఏ పద్ధతిదో అట్ట మీద చెప్పలేదు. చచ్చిన పులి తోక మీద అంత పట్టింపు పడినవాళ్ళకు, కట్టి మోసుకొచ్చిన ఎనిమిది మంది పేర్లు రాసేదానికి రెండు వరసల చోటు దొరకలేదు.

హాల్లో ఫోటో పెట్టేదానికి మేము అడ్డం కాదు. తీసేస్తే ఆ ఎనిమిది మంది కూడా పోతారు. పెట్టేముందు పేర్లు కనుక్కోవాలి అని మాత్రం అడుగుతా ఉన్నాం. ఎడమ నుంచి మూడో ఆయన చెవికి కమ్మ ఉంది. మా అత్త చూసి, అది మీ తాతే అంది. మా చిన్నాయన, కాదు, మా నాయనకు అంత మీసం లేదు అన్నాడు. చివర ఉన్నాయన ఎడమ చెయ్యి తలపాగా గుడ్డతో కట్టుకొని ఉన్నాడు, దెబ్బ తగిలి కట్టిందో చలికి చుట్టుకుందో తెలియడం లేదు. చనిపోయిన ఆ బావ పేరు ఇక్కడ రాయలేదు. ఆయన మనమలు బాగలూరు పక్క ఉన్నారు, వాళ్ళను అడిగి, వాళ్ళు సరే అంటే రాస్తాం.

మీ ఇళ్ళల్లో 80 దాటినవాళ్ళు ఉంటే వచ్చే ఆదివారం సాయంత్రం హాలుకు పిలుచుకొని రండి. ఫోటో సెల్‌ఫోన్‌లో చూపిస్తే వాళ్ళకు కనబడదు. అసలు అట్టను కమిటీవాళ్ళు తెస్తామన్నారు. పార్సిల్ ఆఫీసులో చిన్న అక్షరాల రసీదులు చదివేదానికి మేము కొనుక్కున్న భూతద్దం ఒకటి ఉంది, అది మేము తెస్తాం.